యానాం వెళ్తే రాత్రి అక్కడే ఆగండి: ప్యాకేజీ కారు, లాడ్జి, ఆటో, పులస గురించి

కాకినాడ నుంచి ఒక్కరోజు ప్యాకేజీలో యానాం చూద్దామనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నాను, ఆ డబ్బు పెట్టకండి. ద్రాక్షారామం, మురమళ్ళ, యానాం, కోరింగ మడ అడవులు అన్నీ సాయంత్రంలోగా చూపించేస్తామన్న ఒక ట్రావెల్స్ వాళ్ళ కారులో మొదట వెళ్ళాం. యానాంకి మిగిలింది ముప్పావు గంట. గోదావరి గట్టు మీద విగ్రహాల దగ్గర ఫోటోలు, ఈఫిల్ టవర్ నమూనాలో కట్టిన టవర్ కింద ఇంకో రెండు ఫోటోలు, అంతే, హారన్ మొదలు. పాత చర్చి ఎటు అని మా నాన్నగారు అడిగితే "అది ప్యాకేజీలో లేదండీ" అన్నాడు డ్రైవరు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయనకిచ్చిన టైమే అంత. కానీ 1723లో ఫ్రెంచివాళ్ళు అడుగుపెట్టిన ఊరు, మధ్యలో ఇంగ్లీషువాళ్ళు కొన్నిసార్లు లాక్కున్నా 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతుల్లోనే ఉన్న ఊరు, అలాంటి ఊళ్ళో ఆ కాలం నాటి గోడ ఒక్కటి కూడా చూపించకుండా తీసుకొచ్చేస్తే అది టూర్ ఎలా అవుతుంది? ఒక్క స్టార్.

రెండోసారి మా అంతట మేమే ప్లాన్ చేసుకుని, రాత్రి ఆగేలా వెళ్ళాం. కాకినాడ నుంచి ఆర్టీసీ బస్సులో తాళ్ళరేవు మీదుగా ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. అమలాపురం వైపు నుంచైతే ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వచ్చి బాలయోగి వంతెన దాటితే ఊళ్ళోకి వచ్చేసినట్టే. ఆ వంతెన లేని రోజుల్లో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటేవాళ్ళు. శని, ఆదివారాలు మాత్రం వద్దు. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, పన్నులు వేరు, మందు చౌక, అందుకని శనివారం సాయంత్రానికి చుట్టుపక్కల నుంచి బళ్ళు దిగిపోతాయి, గదులు దొరకవు, దొరికినా రాత్రంతా కారిడార్లో గోల. మామూలు రోజుల్లో ఇదే ఊరు ఎంత ప్రశాంతంగా ఉంటుందో చెప్పలేను.

మేం దిగిన లాడ్జి గోదావరికి దగ్గర్లోనే. గది చిన్నది, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు. లిఫ్టు లేదు, పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు ముందే అడగండి. దోమలు మాత్రం విపరీతం, కిటికీకి మెష్ ఉన్న గది కావాలని గట్టిగా చెప్పండి. లాడ్జికి మూడు స్టార్లు.

పూర్తి మార్కులు ఆటోకే. పొద్దున్నే ఒక పెద్దాయన ఆటో మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. "మాకెక్కడా తొందర లేదు బాబాయ్" అంటే "ఆయ్, మీరు చూసినంతసేపు చూడండి, నేను చెట్టు కింద ఉంటాను" అన్నారు, అన్నట్టే ఉన్నారు. సెయింట్ ఆన్స్ చర్చి 1846లో కట్టింది. లోపల బలిపీఠం సామాను ఫ్రాన్స్ నుంచి ఓడలో వచ్చిందట. పొద్దున ప్రార్థన అయ్యాక వెళ్తే మనుషులుండరు, కాసేపు కూర్చోవచ్చు. తర్వాత మీసాల వెంకన్న గుడి, అడ్మినిస్ట్రేటర్ ఆఫీసు వైపు పాత వీధులు. ఇక్కడ ఆటో దిగి నడవండి.

పాండిచ్చేరిలాగా పసుపు గోడల వీధులు వరసగా ఉంటాయనుకుని వెళ్తే నిరాశపడతారు. ఇక్కడ మిగిలింది తక్కువ. ఉప్పుగాలి, వరదలు, తుఫాన్లు ఏవీ ఈ ఊరిని వదల్లేదు, 1839 కోరింగ తుఫాను దగ్గర్నుంచి 1996 నవంబరు తుఫాను దాకా. ఒక ప్రహరీ, పెద్ద తలుపు, పాత సున్నం గోడ, ఇలా అక్కడొకటి అక్కడొకటి వెతుక్కోవాలి. అందుకే నెమ్మదిగా తిరగాలని ఇంతగా చెప్తున్నాను, కారు అద్దంలోంచి ఇవేవీ కనపడవు.

కట్టడాల కంటే కథలే ఎక్కువ ఈ ఊళ్ళో. 1929లో ఇంగ్లీషువాళ్ళు శారదా చట్టం తెచ్చి బాల్యవివాహాలు ఆపారు కదా, ఫ్రెంచి యానాంలో ఆ చట్టం చెల్లదు. అంతే, గోదావరి జిల్లాల్లో కలిగినవాళ్ళు చిన్నపిల్లల్ని తీసుకుని ఇక్కడికొచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని పోయేవాళ్ళు. మా నాన్నగారి మేనత్త పెళ్ళి అలాగే జరిగింది. ఏ వీధిలో విడిది దిగారో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు, అంత పసిపిల్ల. నాన్నగారు ప్రతి పాత ఇంటి ముందూ ఆగి చూశారు. ఏ ప్యాకేజీలో అలా ఆగనిస్తారు? అలాగే మంగళవారం సంత గురించి అడగండి, విదేశీ సరుకు కోసం ఇంగ్లీషు ఇలాకా నుంచి జనం వచ్చేవారట. ఇంకో సంగతి, మొక్కలు, పక్షుల మీద పరిశోధన చేసిన పియర్ సొన్నెరా 1790 ప్రాంతంలో ఇక్కడ అధికారిగా పనిచేశాడు. ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన దడాల రఫేల్ రమణయ్య ముందుండి 1954 జూన్ 13న ఈ ఊరిని విడిపించారు. కాగితాల మీద అప్పగింత పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న. ఇవన్నీ చెప్పే బోర్డులు నాలుగు వీధుల్లో పెడితే ఎంత బాగుండును! పెట్టాలి కూడా. బోర్డుల కోసం చూడకుండా కాస్త చదువుకుని వెళ్ళండి.

సాయంత్రం రాజీవ్ బీచ్ కి వెళ్ళండి. పేరుకి బీచ్, నిజానికి గోదావరి పాయ గౌతమి ఒడ్డు, సముద్రం ఇంకా కిందకి ఉంది. అక్కడే కోరింగ పాయ చీలుతుంది. బెంచీలున్నాయి, గాలి బాగుంటుంది, పిల్లల్ని తిప్పడానికి హాయి.

భోజనం దగ్గర జాగ్రత్త. పులస చేప దొరికేది జులై నుంచి సెప్టెంబరు దాకా, గోదారికి వరద ఎర్రనీరు వచ్చినప్పుడే. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదారికి ఎదురీదితే పులస, రుచిలో చాలా తేడా. మాకు ఒక హోటల్లో జనవరిలో పులస పులుసు అని వడ్డించారు, ఆ రేటూ వేశారు. అది ఏ ఊరి ఐసు పెట్టెలో చేపో! సీజన్లో వెళ్తే పొద్దున్నే రేవు దగ్గర చేపల వేలం చూడండి, ధర విని గుండె ఆగుతుంది గానీ చూడ్డానికి డబ్బులక్కర్లేదు. సీజన్ కాకపోతే చిన్న మెస్సులో రొయ్యల వేపుడు, మామూలు చేపల పులుసు అడగండి, మేం మర్నాడు తిన్నది అదే, నాలుగున్నర స్టార్లు.

తిరుగు ప్రయాణంలో కోరింగ మడ అడవులు కాకినాడ దారిలోనే తగులుతాయి. చెట్ల మధ్యనుంచి చెక్క వంతెన వేశారు, నాన్నగారు ఇబ్బంది లేకుండా నడిచారు. ఎండెక్కకముందే వెళ్ళండి, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి కాస్త దూరం ఉంది, బస్సు దిగేవాళ్ళు ఆటోని రానూపోనూ మాట్లాడుకోండి, తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఆటోలు దొరకడం కష్టం.