ముందుండి నడపడమా, చోటిచ్చి నిలబడడమా: ఏది మేలు?

విశాఖలో పీఎం పాలెం క్రికెట్ స్టేడియం మీదుగా వెళ్లినప్పుడల్లా రెండు మ్యాచ్‌లు గుర్తుకొస్తాయి. ఒకటి 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌తో ఆడిన వన్డే, రెండోది 2016 నవంబరులో ఇంగ్లండ్‌తో ఆడిన టెస్టు. గాజువాక ఆటోనగర్‌లో పద్నాలుగు మంది పనిచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డు బాధ్యత నాది. మనుషులను ఎలా నడపాలన్న చిక్కు వచ్చిన ప్రతిసారీ ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.

టెస్టులో కెప్టెన్ కోహ్లీ మొదటి ఇన్నింగ్స్‌లో 167 కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం చేసింది 204, అందులో 81 అతనివే. భారత్ 246 పరుగులతో గెలిచింది. నాయకుడే ముందు దిగి చేసి చూపిస్తే ఎవరికీ వేరే చెప్పాల్సిన పని ఉండదు. రేపు ఉదయం లారీకి సరుకు ఎక్కించాలన్న రాత్రి నేనే వెల్డింగ్ హోల్డర్ పట్టుకుంటే, ఇళ్లకు బయలుదేరినవాళ్లు కూడా వెనక్కి వస్తారు. గడువు నెత్తి మీద ఉన్నప్పుడు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

అయితే ఒకసారి జ్వరంతో వారం రోజులు మంచం పట్టాను. డ్రాయింగు చదివి ప్లేట్ల మీద కొలతలు గీసేవారు లేక షెడ్డులో సగం పని ఆగిపోయింది. చేతకానివాళ్లు కాదు వాళ్లు. ఆ కొలతలు గీసే బల్ల దగ్గరకు నేను ఎవరినీ రానివ్వలేదు, అంతే.

ఇక 2005 నాటి వన్డే. ఆ మైదానంలో అదే తొలి అంతర్జాతీయ వన్డే. అప్పటికి ధోనీ ఆడినవి నాలుగు వన్డేలు, చేసినవి 0, 12, 7, 3. కింది వరుసలో వచ్చే ఆ కుర్రవాణ్ణి కెప్టెన్ గంగూలీ మూడో స్థానంలో పంపి, తాను నాలుగో స్థానంలో దిగాడు. ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. జట్టు 356 చేసి 58 పరుగులతో గెలిచింది. అందరూ 148 గురించి మాట్లాడతారు. నేను ఆలోచించేది అంతకు ముందున్న 22 గురించి. నాలుగు ఆటల్లో 22 పరుగులు చేసినవాణ్ణి పైకి పంపాలంటే, అతను విఫలమైతే వచ్చే మాటలు తన మీద వేసుకోవడానికి సిద్ధపడాలి. సెహ్వాగ్ కోసం వన్డేల్లో ఓపెనింగ్ చోటు వదులుకున్నదీ గంగూలీయే.

అలా చోటు దక్కిన ధోనీయే, కెప్టెన్‌గా 2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో, పాకిస్తాన్‌కు 13 పరుగులు కావలసిన చివరి ఓవర్‌ను అంతగా అనుభవం లేని బౌలర్ జోగిందర్ శర్మ చేతికిచ్చాడు. భారత్ 5 పరుగులతో గెలిచింది.

కోహ్లీకి అన్యాయం చేయకూడదు. 2019 అక్టోబరులో, ఇదే విశాఖలో, అతని కెప్టెన్సీలోనే రోహిత్ శర్మ టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగి 176, 127 చేశాడు. కాబట్టి నేను తూచుతున్నది మనుషులను కాదు, పద్ధతులను.

నా తూకంలో చోటివ్వడమే మేలు. గడువు రాత్రులు ఏడాదికి పదో పదిహేనో ఉంటాయి, మిగతా రోజులన్నీ మనుషులు ఎదగాల్సినవే. కానీ ఇది ఖర్చుతో కూడిన పద్ధతి. కొలత తప్పి కోసిన ప్లేటు తుక్కు కిందికే పోతుంది. క్రేన్ దగ్గర, గ్యాస్ కటింగ్ దగ్గర మాత్రం ఈ ప్రయోగం చేయను. అక్కడ పొరపాటుకు మూల్యం ఇనుము కాదు, మనిషి. ఇంకో మాట: చోటిచ్చి, రెండో రోజే లాక్కుంటే ఇవ్వకపోవడం కంటే అన్యాయం. ఆ మనిషి మళ్లీ ముందుకు రాడు.

జ్వరం తగ్గి వచ్చాక కొలతలు గీసే మార్కింగ్ పని ఒక యువ ఫిట్టర్‌కు అప్పగించాను. మొదటి నెలలో రెండు ప్లేట్లు పాడయ్యాయి. యజమాని అడిగితే నేనే గీయమన్నానని చెప్పాను. ఆ కుర్రవాడు పక్కనే ఉన్నాడు, విన్నాడు. మూడో నెలకు డ్రాయింగులోనే ఒక కొలత తప్పుందని అతనే పట్టుకున్నాడు. ఇప్పుడు అతను పిలిస్తే తప్ప ఆ బల్ల దగ్గరకు నేను వెళ్లడం లేదు.