రెడీమేడ్ క్లస్టర్ ఇమేజ్ కొంటున్నారా? ముందు ఆ ఒక్క ఫైలు సంగతి అడగండి

‘బూట్ చేస్తే చాలు, కుబర్నెటిస్ సిద్ధం’ అన్న మాట నమ్మి ఒక సర్వర్ ఇమేజ్ (సర్వర్లో నేరుగా ఎక్కించే రెడీమేడ్ సిస్టమ్ కాపీ) కొన్నాను. కుబర్నెటిస్ అంటే కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రాములను క్లస్టర్ మీద, అంటే మెషిన్ల గుంపు మీద, నడిపించే సాఫ్ట్‌వేర్. రెండు రోజులు పోయాయి. అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇలాంటి సరుకు అమ్మేది వాళ్లొక్కరే కాదు.

క్లస్టర్‌ని మొదలుపెట్టే ‘క్యూబ్‌ఏడీఎం ఇనిట్’ కమాండ్ కొట్టగానే మొదటి తనిఖీల్లోనే ఆగిపోయింది. కంటైనర్లను నడిపే ప్రోగ్రాము, అదే కంటైనర్ రన్‌టైమ్, నడవడం లేదట. చూస్తే ఇందులోని రన్‌టైమ్ కంటైనర్‌డీ యాక్టివ్ అని పచ్చగా కనిపిస్తోంది! సపోర్ట్‌ని అడిగితే మెషిన్ రీస్టార్ట్ చేయమన్నారు. చేశాను, మళ్లీ అదే ఎర్రర్. మూడోసారి చదివినప్పుడు చివర్లో ‘అన్‌నోన్ సర్వీస్’ అన్న ముక్క కంట్లో పడింది. రన్‌టైమ్ నడుస్తూనే ఉంది, కుబర్నెటిస్ తరఫున ప్రతి మెషిన్లో పనిచేసే క్యూబ్‌లెట్ పిలిస్తే పలకాల్సిన సీఆర్ఐ (రన్‌టైమ్‌తో మాట్లాడే ఇంటర్‌ఫేస్) లేదన్నమాట. ఈటీసీ కింద కంటైనర్‌డీ ఫోల్డర్లో కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే, డిజేబుల్డ్ ప్లగిన్స్ అన్న లైన్లో ఒకే ఒక్క పేరు: సీఆర్ఐ.

డాకర్ రిపోజిటరీ నుంచి వచ్చే కంటైనర్‌డీ ప్యాకేజీలో ఆ లైను మామూలే. కంటైనర్లు నడిపే మరో సాధనమైన డాకర్‌కి సీఆర్ఐతో పనిలేదు. కానీ కుబర్నెటిస్‌ని డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్ అన్న వంతెనని కుబర్నెటిస్ 1.24లో తీసేశారు కదా, అది 2022 నాటి మాట. అప్పటినుంచి రన్‌టైమ్ సీఆర్ఐతో పలకాల్సిందే. ఆ లైన్ని ముట్టుకోకుండా ‘క్లస్టర్ ఇమేజ్’ అని అమ్మడమేంటి?

ఆ లైను తీసేసి కంటైనర్‌డీ రీస్టార్ట్ చేశాక ఇనిట్ పూర్తయింది. హమ్మయ్య అనుకున్న కొద్ది నిమిషాలకే, క్లస్టర్‌కి ఆదేశాలిచ్చే క్యూబ్‌సీటీఎల్‌కి కనెక్షన్ రెఫ్యూజ్డ్. రన్‌టైమ్‌ని నేరుగా అడిగే క్రైసీటీఎల్‌తో ఆగిపోయిన కంటైనర్లు కూడా చూపించమంటే, ఆ ఆదేశాలు అందుకునే ఏపీఐ సర్వర్, క్లస్టర్ వివరాలు దాచే ఈటీసీడీ లేస్తున్నాయి, పడిపోతున్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది. కారణం సీగ్రూప్ డ్రైవర్, అంటే కంటైనర్లకు మెమరీ, సీపీయూ పరిమితులు పెట్టే పద్ధతి. క్యూబ్‌లెట్, రన్‌టైమ్ రెండూ ఒకే పద్ధతి వాడాలి. క్యూబ్‌ఏడీఎం 1.22 నుంచి, మనం వేరేగా చెప్పకపోతే, క్యూబ్‌లెట్‌కి సిస్టమ్‌డీ పెడుతుంది. ఈ ఇమేజ్‌లో కంటైనర్‌డీ మాత్రం సీగ్రూప్‌ఎఫ్ఎస్ మీద ఉంది. డీఫాల్ట్ కాన్ఫిగ్ కొత్తగా రాయించి, కంటైనర్‌డీ కింద కంటైనర్లను నిజంగా లేపే రన్‌సీ ఆప్షన్లలో సిస్టమ్‌డీ సీగ్రూప్‌ని ట్రూ చేశాక స్థిమితపడింది. కంటైనర్‌డీ 2లో ఆ సెక్షన్ల పేర్లు మారాయి, కాబట్టి పాత లైన్లు తెచ్చి అతికించకండి.



కొనేముందు ‘క్రైసీటీఎల్ ఇన్ఫో’ అవుట్‌పుట్ పంపమని అడగండి. సీఆర్ఐ లేకపోతే అక్కడే తెలిసిపోతుంది. నేను డబ్బు వాపసు అడిగితే వచ్చిన జవాబు: “ఇమేజ్ బూట్ అయింది కదండీ?”