ఫోర్స్ అవుట్, ట్యాగ్ అవుట్: తేడా ఎక్కడ?

బేస్‌బాల్ కొత్తగా చూసేవారు తడబడేది ఇక్కడే. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టి పరుగందుకుంటే, అతడు చేరాల్సింది మొదటి బేస్‌కే కాబట్టి, అప్పటికే అక్కడ ఉన్న రన్నర్ ఆ చోటు ఖాళీ చేసి రెండో బేస్‌కు పరుగెత్తక తప్పదు. రన్నర్ చేరేలోపు ఫీల్డర్ బంతితో రెండో బేస్‌ను తొక్కితే చాలు, ఆ రన్నర్ అవుట్. ఇది ఫోర్స్. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) నుంచి రెండో బేస్‌కు, అటునుంచి మొదటి బేస్‌కు బంతి దూసుకెళ్లే 6-4-3 డబుల్ ప్లే, అంటే ఒకే దెబ్బకు ఇద్దరు అవుట్, దీని వరమే. ఆ అంకెలు బంతి అందుకున్న ఫీల్డర్ల స్థానాల సంఖ్యలు.

పరుగెత్తడం రన్నర్ ఇష్టమైతే మాత్రం, బంతి ఉన్న చేతిని అతడి ఒంటికి తాకించాల్సిందే. అదే ట్యాగ్. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. నేల మీద జారుతూ బేస్ చేరే, దుమ్ము లేపే స్లైడింగ్ ఇందులో భలేగా ఉంటుంది!

అసలు మెలిక వేరే ఉంది. జట్టు బ్యాటింగ్ వంతును ముగించే మూడో అవుట్ ఫోర్స్ అయితే, ఆలోగా హోమ్ ప్లేట్ (రన్నర్ చేరితే పరుగు వచ్చే చివరి బేస్) చేరిన పరుగు కూడా చెల్లదు. ట్యాగ్ అయితే, ముందే చేరిన పరుగు నిలుస్తుంది.