పవర్‌టాయ్స్ రన్, ఫ్లో లాంచర్, కీపిరిన్హా: ఎక్కువ విండోలు తెరిచి పనిచేసేవారికి ఏది మేలు?

విండోస్ కంప్యూటరులో మౌస్ ముట్టకుండా, పేరులోని రెండు మూడు అక్షరాలు కొట్టి ప్రోగ్రాములను తెరిచే చిన్న లాంచర్లలో ఏది వేసుకుంటే మంచిదని అనువాదకులు, పత్రికల్లో పేజీలు పెట్టేవారు, లెక్కలు చూసేవారు నన్ను తరచుగా అడుగుతూ ఉంటారు. ఈ మధ్య కొత్త కంప్యూటరుకు మారినప్పుడు పాత అలవాటును పక్కన పెట్టి, పవర్‌టాయ్స్ రన్, ఫ్లో లాంచర్, కీపిరిన్హా అనే మూడింటినీ తలా ఒక వారం వాడి చూశాను. మూడూ ఉచితంగా దొరికేవే. ప్రోగ్రామ్ తెరవడం, ఫైలును వెతికిపెట్టడం, చిన్న చిన్న లెక్కలు చేయడం మూడింటికీ వచ్చు. ఆ పనుల్లో ఒకటి మరొకదాని కంటే రెప్పపాటు ముందుందా వెనకుందా అని కొలుస్తూ కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు.

నా దృష్టిలో తేల్చుకోవలసిన విషయం ఒక్కటే: ఇప్పటికే తెరిచి ఉన్న విండోను ఆ సాధనం ఎంత సులువుగా మన ముందుకు తెస్తుంది? వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ వంటివి ఉదయం పనిలో కూర్చున్నప్పుడు ఒకసారి తెరుస్తాము. ఆ తరువాత పొద్దు గుంకేదాకా చేసేది ఒక విండో నుంచి మరొక విండోకు వెళ్లడమే. ఒక అనువాదం మీద కూర్చున్నప్పుడు నా ముందు మూలం ఒక వర్డ్ ఫైలుగా, అనువాదం మరొక ఫైలుగా, పారిభాషిక పదాల పట్టిక ఎక్సెల్‌లో, నిఘంటువు బ్రౌజర్‌లో, పాత అనువాదం పీడీఎఫ్‌గా తెరిచి ఉంటాయి. ఆ సమయంలో లాంచర్‌లో వర్డ్ అని కొడితే నాకు కావలసింది తెరిచి ఉన్న ఆ రెండు ఫైళ్లలో ఒకటి. అది కాకుండా మరో ఖాళీ పత్రం తెరుచుకుంటే, దాన్ని మూసి మళ్లీ వెతుక్కునేలోపు మనసులో కూర్చుకున్న వాక్యం చెదిరిపోతుంది.

దీనికి ఆల్ట్-ట్యాబ్ ఉంది కదా అని కొందరు అంటారు. రెండు విండోల మధ్య అటూ ఇటూ తిరగడానికి దాన్ని మించినది లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే అది విండోలను చివరగా వాడిన క్రమంలో పేరుస్తుంది కాబట్టి, పదిహేను తెరిచి ఉన్నప్పుడు మనకు కావలసినది ఎన్నో స్థానంలో ఉందో ప్రతిసారీ కళ్లతో వెతకాలి. ఆ చిన్న బొమ్మల్లో వర్డ్ ఫైళ్లన్నీ తెల్లకాగితం మీద నల్లచారల్లాగే కనిపిస్తాయి. విండోస్ మీటతో పాటు అంకె నొక్కితే టాస్క్‌బార్‌లో ఆ వరుసలో ఉన్న ప్రోగ్రామ్‌కు వెళ్లవచ్చు గానీ, ఒకే ప్రోగ్రామ్‌లో నాలుగు ఫైళ్లుంటే అంకెను మళ్లీ మళ్లీ కొట్టక తప్పదు. స్థానం మారుతూ ఉంటుంది, పేరు మారదు. అందుకే పేరుతో పిలిచే పద్ధతి మేలు.

ఈ కొలతతో చూస్తే నేను మొగ్గేది పవర్‌టాయ్స్ రన్ వైపే. మైక్రోసాఫ్ట్ 2020లో దీన్ని పవర్‌టాయ్స్ అనే తన ఉచిత సాధనాల మూటలో చేర్చినప్పుడు వాక్స్ అనే లాంచర్‌ను, విండో వాకర్ అనే విండోలు మార్చే సాధనాన్ని కలిపి కట్టింది. అంటే విండోలు మార్చడం దీనికి తరువాత తగిలించిన అదనపు హంగు కాదు, పునాదిలోనే ఉన్న పని. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి పేరు కొడితే ప్రోగ్రాములు, ఫైళ్లతో పాటు తెరిచి ఉన్న విండోలు కూడా అదే జాబితాలో వస్తాయి. ముందుగా < గుర్తు కొడితే మిగిలినవన్నీ తప్పుకుని విండోలు మాత్రమే మిగులుతాయి. విండో శీర్షికలోనే కాక ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) పేరులో కూడా వెతుకుతుంది. ఎంచుకున్న విండోను అక్కడి నుంచే కంట్రోల్-ఎఫ్4 తో మూసేయవచ్చు. కంట్రోల్-డిలీట్ మాత్రం ప్రాసెస్‌నే ఆపేస్తుంది కాబట్టి, దాచుకోని పని ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదు.

దీన్ని వేసుకున్న తరువాత తప్పక చేయవలసిన మార్పు ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో ఒక్కొక్క ప్లగిన్‌కు, అంటే ఒక్కొక్క పని చేసిపెట్టే విడిభాగానికి, ఫలితాల స్కోరును పెంచే, తగ్గించే అంకె ఉంటుంది. విండో వాకర్‌కు ఆ అంకెను పెంచితే, ఒకే పేరుతో ప్రోగ్రామ్, తెరిచిన విండో రెండూ దొరికినప్పుడు విండో పైకి వస్తుంది. నేను ఎక్సెల్ అని కొట్టి కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కినా ఇప్పుడు పదాల పట్టికే ముందుకొస్తుంది. పట్టిక తెరిచి లేని రోజున ఎక్సెల్ తెరుచుకుంటుంది. తెరవడానికి ఒక అలవాటు, మారడానికి మరొక అలవాటు అక్కరలేకుండా చేసిన ఈ ఒక్క మార్పు నా రోజువారీ పనిని తేలిక చేసింది. ఎవరు అడిగినా ముందుగా దీని గురించే చెబుతాను.

బ్రౌజర్ విషయంలో ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. బ్రౌజర్ విండోకు శీర్షికగా ఉండేది ప్రస్తుతం కనిపిస్తున్న ట్యాబ్ పేరు మాత్రమే కాబట్టి, వెనకనున్న ట్యాబ్‌లు ఇలా వెతికితే దొరకవు. క్రోమ్‌లో వాటికి కంట్రోల్-షిఫ్ట్-ఎ అనే వేరే దారి ఉంది. నిఘంటువు వంటి నిత్యం వాడే పేజీని విడి విండోగా తెరిచి ఉంచుకుంటే ఆ ఇబ్బంది కూడా తీరుతుంది.

ఫ్లో లాంచర్ కూడా వాక్స్ నుంచే పుట్టింది, రూపంలో మూడింటిలోకీ అందమైనది. ప్లగిన్లను దాని లోపలి నుంచే వెతికి వేసుకోవచ్చు. కంప్యూటరులోని ఫైలు పేర్లన్నింటినీ క్షణంలో చూపే ఎవ్రీథింగ్ అనే సాధనంతో కలిసి చక్కగా పనిచేస్తుంది. ఫైళ్లు వెతకడమే ప్రధానమైన పని అయినవారికి దీన్నే సూచిస్తాను. విండోలు మార్చడం మాత్రం దానితో పాటు వచ్చే పనుల్లో లేదు, అందుకు విడిగా ఒక ప్లగిన్ వేసుకోవాలి. వేసుకున్నాక పని జరుగుతుంది. కానీ నేను రోజుకు వందసార్లు ఆనుకునే పని అసలు సాధనంతోనే రావాలన్నది నా పట్టుదల.

అయితే తెలుగులో టైప్ చేసేవారికి ఫ్లో చేసే ఒక మేలును ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. తెలుగు కీబోర్డులో రాస్తూ రాస్తూ లాంచర్‌ను పిలిస్తే, ఇంగ్లీషు అక్షరాలు కొడుతున్నామనుకుని కొట్టినదంతా ఆ గడిలో తెలుగు అక్షరాలుగా పడుతుంది, ఏ ప్రోగ్రామూ దొరకదు. విండోస్-స్పేస్ నొక్కి భాష మార్చుకోవడం, పని కాగానే మళ్లీ తెలుగుకు రావడం ప్రతిసారీ విసుగే. ఎప్పుడు పిలిచినా ఇంగ్లీషులోనే మొదలుపెట్టమని చెప్పే సెట్టింగ్ ఫ్లోలో ఉంది. మిగిలినవి వాడేవారు విండోస్ కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక్కొక్క యాప్ విండోకు వేర్వేరు భాష ఉండేలా గడిలో టిక్ పెట్టుకుంటే చాలావరకు ఉపశమనం దొరుకుతుంది. నేను దానితో పాటు ఫైళ్లకు పేరు పెట్టే పద్ధతిని కూడా మార్చాను. పదాల పట్టిక అనే తెలుగు పేరుకు ముందు పిటి అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చేరుస్తాను. శీర్షిక తెలుగులో చదువుకోవడానికి వీలుగా ఉంటుంది, పిలవడానికి ఆ రెండక్షరాలు చాలు. ఈ పద్ధతి ఏ లాంచర్‌తోనైనా పనికొస్తుంది.

కీపిరిన్హాను నేను ప్రేమతో చాలాకాలం వాడాను. అచ్చమైన చిన్న సాధనం అంటే ఇదే. ఇన్‌స్టాల్ చేయనవసరం లేకుండా ఒక ఫోల్డరులో పెట్టుకుని నడపవచ్చు కాబట్టి, సొంతంగా ప్రోగ్రాములు వేసుకునే అనుమతి లేని ఆఫీసు కంప్యూటర్లలో ఇది ఎంతో ఆదుకుంటుంది. సెట్టింగ్స్ అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసుకోవాలి. ఆ ఫోల్డరును కాపీ చేస్తే చాలు, అలవాట్లన్నీ మరో కంప్యూటరుకు వెళతాయి. తెరిచిన విండోల మధ్య మారే ప్యాకేజీ కూడా దానితో పాటే వస్తుంది. నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటరు మీద పనిచేసేవారికి ఇప్పటికీ నా సలహా ఇదే, ఎందుకంటే పవర్‌టాయ్స్ అనేక సాధనాల పెద్ద మూట. రన్ ఒక్కటే కావాలన్నా మూట మొత్తం దించుకోవాలి, తరువాత అక్కరలేని వాటిని ఒక్కొక్కటిగా ఆపుకోవాలి. అయినా కీపిరిన్హాకు 2020 తరువాత కొత్త వెర్షన్ రాలేదు, దాని సోర్స్ కోడ్ బయటివారు అందుకుని కొనసాగించడానికి తెరిచి ఉన్నదీ కాదు. కొత్తగా ఒక అలవాటు చేసుకోబోయేవారిని ఆ దారిలోకి పంపడానికి నాకు మనసొప్పదు.

స్విచరూ అనేది విండోలు మార్చడానికి మాత్రమే పనికొచ్చే చిన్న సాధనం. లాంచర్ అక్కరలేదనుకునేవారికి సరిపోతుంది. స్టార్ట్ మెనూ వెతుకులాటను పోలికలోకి తీసుకోలేదు, ఎందుకంటే అది తెరిచి ఉన్న విండోలను పేరుతో పట్టి ఇవ్వదు.

పవర్‌టాయ్స్‌లోనే 2025లో కమాండ్ పాలెట్ అనే కొత్త లాంచర్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ దీన్ని రన్‌కు వారసురాలిగా తయారుచేస్తోంది. విండోస్-ఆల్ట్-స్పేస్ తో తెరుచుకుంటుంది, విండో వాకర్ అందులోనూ ఉంది. రన్, పాలెట్ పక్కపక్కనే పనిచేస్తాయి కాబట్టి, నేను చేతి అలవాటు తప్పకుండా రన్‌ను అలాగే ఉంచి, రోజులో కొంతసేపు పాలెట్‌ను అలవాటు చేసుకుంటున్నాను.

ఏది ఎంచుకున్నా ఆల్ట్-స్పేస్ మీట గురించి ముందే ఆలోచించుకోవాలి. రన్, ఫ్లో రెండూ మొదట్లో ఆ మీటనే తీసుకుంటాయి. విండోస్‌లో అది విండోను జరపడానికి, చిన్నది చేయడానికి ఉన్న పాత మెనూను తెరిచే మీట. రెండో మానిటర్ తీసేసినప్పుడు ఏదైనా విండో తెర బయట ఉండిపోతే, ఆ మెనూలోంచి మూవ్ ఎంచుకుని బాణం మీటలతోనే దాన్ని లోపలికి లాగుతాము. లాంచర్ ఆ మీటను తీసుకున్న తరువాత, టాస్క్‌బార్ మీద ఆ విండో చిన్నబొమ్మపై షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ చేస్తే అదే మెనూ దొరుకుతుంది. ఆ పాత మీటకు చేయి బాగా అలవాటుపడినవారు మాత్రం మొదటిరోజే లాంచర్ సెట్టింగ్స్‌లో వేరే మీటలను పెట్టుకోవడం మంచిది.