థాయ్ గుర్రాల గురువా, తవాంగ్ తాషీయా: ముందు ఏది చూడాలి?

అయినవాళ్లు వదిలేసిన పిల్లల్ని బౌద్ధులు చేరదీసి పెంచడం మీద చూడదగ్గ డాక్యుమెంటరీలు రెండున్నాయి. 2006లో వచ్చిన 'బుద్ధాస్ లాస్ట్ చిల్డ్రన్' ఉత్తర థాయ్‌లాండ్ సరిహద్దు కొండల్లో నడుస్తుంది. 2014 నాటి 'తాషి అండ్ ద మంక్' మన అరుణాచల్‌లోని తవాంగ్ జిల్లాది. మొదటిది గంటన్నర పైమాటే, రెండోది నలభై నిమిషాలు.

కళ్లకు విందు మాత్రం థాయ్ సినిమాదే. ఒకప్పటి ముయే థాయ్ బాక్సర్, ఒంటినిండా పచ్చబొట్లు, ఇప్పుడు భిక్షువు. గుర్రమెక్కి కొండ ఊళ్లు తిరుగుతూ దిక్కులేని మగపిల్లలకు గుండు గీయించి కాషాయం కట్టిస్తాడు. బాక్సింగ్ నేర్పుతాడు, గుర్రాల్ని చూసుకోమంటాడు. వేళకింత తిండి, చేతికో పని, అడిగేవాడొకడు ఉంటే పిల్లాడు ఎలా నిలదొక్కుకుంటాడో కళ్లారా చూస్తాం. కానీ అంతా ఆయన చుట్టూనే తిరుగుతుంది. రేపు ఆయన లేకపోతే వీళ్ల గతేంటన్న టెన్షన్ చూస్తున్నంతసేపూ నన్ను వదల్లేదు.

నన్నడిగితే తాషీకే నా ఓటు. ఐదేళ్ల పిల్ల. తల్లి పోయింది, తండ్రి తాగుడుకు బానిస. పాపం అనిపించేలా ఓ మూల కూర్చోదు: కొడుతుంది, అరుస్తుంది, మాట వినదు. అలాంటి పిల్లను ఓపిగ్గా దగ్గరికి తీసుకోవడం ఎంత కష్టమో సినిమా దాచిపెట్టదు. తాషీ ఉండే జామ్‌త్సే గాట్సల్ అనే పిల్లల ఆశ్రమాన్ని 2006లో మొదలుపెట్టిన లొబ్‌సాంగ్ ఫుంత్సోక్ కూడా చిన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని బిడ్డే. మఠంలో పెరిగి భిక్షువయ్యాడు, అమెరికాలో బౌద్ధం బోధించాడు, అది వదిలి పుట్టిన సీమకు తిరిగొచ్చాడు. ఇక్కడ ఎవరికీ సన్యాసం ఇవ్వరు. సినిమా తీసేనాటికి ఆడా మగా కలిసి ఎనభై అయిదు మంది పిల్లలు చదువుకునేవాళ్లు, పెద్దపిల్లలు చిన్నవాళ్లను చూసుకుంటారు. అందుకే భారమంతా ఒక్క మనిషి మీద వేలాడుతున్నట్టు అనిపించదు.

ఇంకోటి. చోటు చాలక కొందరు పిల్లల్ని కాదనాల్సి వచ్చినప్పుడు లొబ్‌సాంగ్ నలిగిపోవడం కనిపిస్తుంది. ఇలాంటి సినిమాలు సాధారణంగా ఆ జోలికే పోవు.

టీచర్లు, పిల్లల్ని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు ముందు తాషీని చూడండి. థాయ్‌ది తర్వాత తీరిగ్గా చూడొచ్చు, కానీ ఫోన్‌లో వద్దు. ఆ కొండలూ గుర్రాలూ పెద్ద తెర మీదే బాగుంటాయి.