పైపు పొగాకుకు ఇంట్లో పొగబెట్టాలంటే ఏది మేలు: పచ్చి ఆకా, ఎండిన ఆకా?

పైపు పొగాకుకు సొంతంగా పొగ పట్టిద్దామనుకునే వాళ్లు ముందు కట్టెల గురించే అడుగుతారు, ఓక్ మంచిదా, పైన్ మంచిదా అని. నా దృష్టిలో అది తర్వాతి సంగతి. ఆకు మాగడం, అంటే కోసిన ఆకు రంగు తిరిగి ఆరి వాడకానికి సిద్ధమవడం, ఒక పని, దానికి పొగ పట్టడం ఇంకో పని. ఈ రెండూ ఒకేసారి చేస్తారా, విడివిడిగా చేస్తారా అన్నది ముందు తేల్చుకోండి, మిగతాదంతా దాన్ని బట్టే ఉంటుంది.

ఒకేసారి చేసేది అమెరికాలో కెంటకీ, టెనెసీ రైతుల పద్ధతి. కోసిన ఆకును బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టంలో, వేలాడదీస్తారు. అది పసుపు తిరిగాక కింద ఓక్, హికరీ లాంటి గట్టి కట్టెలు పేర్చి, మంట లేవకుండా పైన రంపపు పొట్టు కప్పి, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి పొగబెడతారు. డార్క్ ఫైర్డ్ అంటే ఇదే. ఆకు మందంగా ఉంటుంది, నికోటిన్ ఎక్కువ, ఘాటు కూడా ఎక్కువే. రెండోది లటాకియా పద్ధతి. సిరియాలోని రేవు పట్టణం పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది కానీ ఇప్పుడు ఎక్కువగా వచ్చేది సైప్రస్ దీవి నుంచి. చిన్న ఆకుల ఓరియంటల్ రకాన్ని ముందు ఎండలో ఆరబెట్టేసి, ఆ తర్వాతే మాస్టిక్, మర్టిల్ పొదల కొమ్మలు, పైన్, సైప్రస్ అనే చెట్ల కట్టెల పొగలో నల్లబడేదాకా ఉంచుతారు.

ఇంట్లో చేసేవాళ్లకు ఎండిన ఆకే మేలని నేను గట్టిగా చెబుతాను. పచ్చి ఆకు కోశాక కూడా కొన్ని రోజులు బతికే ఉంటుంది, ఆ రోజుల్లోనే దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పచ్చరంగు విరిగిపోతుంది. తొందరపడి వేడి పెంచితే ఆకు చచ్చిపోయి ఆకుపచ్చ రంగు అలాగే బిగుసుకుపోతుంది, కాల్చినప్పుడు గడ్డి వాసన కొడుతుంది. మరీ నెమ్మదిగా పోతే బూజు. పెద్ద బ్యారన్ నిండా ఆకు ఉంటే లోపలి తేమను అదే నిలబెట్టుకుంటుంది, అదే చిన్న పెట్టెలో అయితే నిప్పు కాస్త ఎగిసినా తేమ, వేడి రెండూ ఇట్టే మారిపోతాయి, రాత్రంతా కాపలా కాయాల్సిందే. దానికి తోడు తడి పచ్చి ఆకు ముట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి వెళ్లి తల తిరగడం, వాంతులు వస్తాయి కాబట్టి చేతికి గ్లౌజులు తప్పనిసరి.

ఎండిన ఆకుతో ఈ టెన్షన్ లేదు. మాగాల్సింది ముందే మాగింది కాబట్టి పొద్దున కాసేపు పొగబెట్టి ఆపేయొచ్చు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆకు పదునులో, అంటే తగినంత తేమతో, ఉండటం మాత్రం చాలా ముఖ్యం. గుప్పిట్లో నొక్కి వదిలితే పొడి రాలకుండా మెల్లగా విచ్చుకోవాలి, మధ్య ఈనె మాత్రం వంచితే టక్కున విరగాలి. ఈనె కూడా వంగిపోతుంటే తేమ ఎక్కువైనట్టే, బూజు పడుతుంది. మరీ పెళుసుగా ఉంటే పొగ సరిగ్గా పట్టదు, ముట్టుకుంటే ఆకే పొడైపోతుంది. నిప్పును పెట్టెకు దూరంగా పెట్టి, గొట్టం గుండా చల్లారిన పొగను లోపలికి పంపండి. పలుచగా నీలంగా వస్తుంటే బాగున్నట్టు. తెల్లగా దట్టంగా కమ్ముకుంటుంటే గాలి ఆడట్లేదని అర్థం, ఆకు చేదెక్కుతుంది. బయటికి తీసిన వెంటనే వాసన చూసి నిర్ణయానికి రావద్దు, అప్పుడు ఒట్టి మసి వాసనే వస్తుంది. రెండు మూడు రోజులు గాలికి ఆరితే ఆ కరుకు తగ్గి అసలు వాసన బయటపడుతుంది.

తరిగిన పొగాకును జల్లెడలో పోసి గ్రిల్‌లో పొగబెట్టే వాళ్లూ ఉన్నారు. పని త్వరగా అవుతుంది కానీ పొగ పైపొరకే పడుతుంది, తరుగు ఎండిపోతుంది. ఏ కట్టె వాసన మీకు నచ్చుతుందో తెలుసుకోవడానికైతే పనికొస్తుంది, అంతకు మించి వద్దు.

ఇక కట్టెలంటారా, గట్టి కట్టెను ఆధారంగా పెట్టుకుని పైన్ కొంచెమే వేయండి, జిగురు ఎక్కువైతే మసి కడుతుంది. రంగు వేసినవి, చెదలమందు పట్టించినవి ముట్టుకోవద్దు, వాటిలో ఆర్సెనిక్ ఉండొచ్చు.

సొంతంగా చేసుకున్నాం కదా, హాని తక్కువని మాత్రం అనుకోవద్దు. నిప్పులోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులోని నికోటిన్ లాంటి ఆల్కలాయిడ్లతో కలిసి నైట్రోసమైన్లు అవుతాయి, పొగలోంచి బెంజోపైరీన్ లాంటివి ఆకు మీద చేరతాయి, రెండూ క్యాన్సర్ కారకాలే. పొగాకు హాని ఎలాగూ ఉంది, దానికి ఇది అదనం. పొగబెట్టే పని ఆరుబయటే చేయండి, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

సొంతంగా తోట వేసి షెడ్డు నిండా ఆకు ఉన్నవాళ్లు, రోజుల తరబడి నిప్పు దగ్గర ఉండగలిగిన వాళ్లు పచ్చి ఆకు పద్ధతికి వెళ్లొచ్చు, డార్క్ ఫైర్డ్‌లో ఉండే ఆ నిండుదనం ఎండిన ఆకుతో రాదు. మిగతావాళ్లు ఎండిన ఆకుకే పొగ పట్టించి, వర్జీనియా రకం పొగాకులో ముందు పదో వంతు మాత్రమే కలిపి, సీసాలో మూతపెట్టి కొన్ని వారాలు వదిలేయండి. అప్పటికీ పొగ చాలలేదనిపిస్తే పాళ్లు పెంచుకోవచ్చు.