శివారు ఇళ్లు వెతికిపెట్టే ఏజెన్సీ సేవపై సమీక్ష

అమ్మేవారు ఎక్కువై కొనేవారు తగ్గిన సమయంలో, శివారు కాలనీల్లో సరసమైన ఇల్లు చూసిపెట్టేందుకు మేము ఒక ఏజెన్సీ సేవలను వినియోగించుకున్నాము. అమ్మకానికి ఉన్న ఇళ్లన్నీ అప్పటి వేగంతో అమ్ముడుపోవడానికి 6 నెలలకు మించి పట్టే పరిస్థితిని సాధారణంగా కొనుగోలుదారుల మార్కెట్‌గా పరిగణిస్తారని, అప్పుడు బేరమాడే వీలు ఎక్కువని ఏజెంటు మొదటే వివరించారు.

యజమాని చెప్పిన ధరను పక్కన పెట్టి, అదే కాలనీలో ఇటీవల అమ్ముడైన ఇళ్ల ధరలను చదరపు అడుగు లెక్కన పోల్చి చూపడం నాకు బాగా నచ్చింది. చాలాకాలంగా అమ్ముడుపోని ఇల్లు కనిపిస్తే, చవకగా వస్తుందని తొందరపడకుండా ముందు కారణం తెలుసుకోవాలన్నది వారి పద్ధతి. మేము ఇష్టపడిన ఇంట్లో పడకగది గోడకు కొత్తగా రంగు వేసినా, నేలకు జానెడు ఎత్తున పొక్కులు లేచి ఉండడం గమనించి, నిపుణుడితో తనిఖీ చేయించి, చెమ్మ ఉందని తేలాక మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించేలా యజమానిని ఒప్పించారు. ఈ ఒక్క పనికే వారికిచ్చిన రుసుము సార్థకమైందని నా నమ్మకం.

అయితే కాలనీ నిర్వహణ రుసుము గురించి గానీ, రోజువారీ రాకపోకల ఖర్చు గురించి గానీ మేము అడిగేదాకా ప్రస్తావించకపోవడం పెద్ద లోపమే. చవకగా దొరికిన శివారు ఇల్లు ఈ రెండింటి వల్లే భారమవుతుంది. పైగా వారి కమిషన్ అమ్మకపు ధరలో శాతంగా ఉంటుంది కనుక, ధర తగ్గినకొద్దీ వారి ఆదాయమూ తగ్గుతుంది. అందుచేత ఈ సేవను ఎంచుకునేవారు నిర్ణీత రుసుముకు ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడం మంచిది.